కోనాలో రాత్రిపూట మాంటా రేలు: ఈత రాని అత్తయ్యను దింపవచ్చా? (మరుసటి రోజు మౌనా కేయా ప్లాన్ ఉంది)

సముద్రపు_గవ్వ
సెప్టెంబర్‌లో హవాయి బిగ్ ఐలాండ్ వెళ్తున్నాం. నేను, మావారు, పదేళ్ల బాబు, మా అత్తయ్య. కోనాలో రాత్రిపూట మాంటా రేలను (రెక్కల్లాంటివి ఆడిస్తూ ఈదే పెద్ద రే చేపలు) చూపిస్తారని తెలిసినప్పటి నుంచి బాబుకు అదే ధ్యాస. మావారికి ఓపెన్ వాటర్ సర్టిఫికేషన్ (స్కూబా డైవింగ్ సర్టిఫికెట్) ఉంది కాబట్టి ఆయన ట్యాంకుతో నీళ్లకిందికి డైవ్ చేస్తారు, నేనూ బాబూ స్నార్కెల్ (పైనే తేలుతూ గొట్టంతో ఊపిరి పీలుస్తూ చూడటం) అనుకున్నాం. మొన్న భోజనాల దగ్గర అత్తయ్య "నేనూ దిగుతాను" అన్నారు. ఆవిడకు 62. ఈత రాదు. నీళ్లంటే భయం మాత్రం లేదు.

నాకు టెన్షన్‌గా ఉంది. చీకట్లో, సముద్రంలో, ఈత రాని పెద్దావిడను దింపడం సబబేనా? పైగా రే చేపకు ముల్లు ఉంటుంది కదా. 2006లో టీవీలో మొసళ్లను చూపించే స్టీవ్ ఇర్విన్ చనిపోయింది ఆ ముల్లు దిగే కదా. ఒక టూర్ వాళ్లకు ఫోన్ చేసి అడిగితే "అందరూ చేస్తున్నారు, ఏం కాదు" అని పెట్టేశారు. అలా తేల్చేస్తే నాకు ధైర్యం రాలేదు, ఉన్నది కాస్తా పోయింది. వెళ్లొచ్చినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

మా ప్లాన్: బుధవారం రాత్రి మాంటాలు, గురువారం మౌనా కేయా శిఖరం మీద సూర్యాస్తమయం, శుక్రవారం పొద్దున్నే ఫ్లైట్.

కెరటం_77
ముల్లు లేదు. మీరు చెప్పిన ప్రమాదం స్టింగ్‌రేతో జరిగింది. మాంటా దానికి చుట్టమే కానీ తోకకు ముల్లు ఉండదు, కరిచే పళ్లు ఉండవు. తినేది ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే అతి చిన్న జీవులు. ఈ ఒక్క విషయంలో నిశ్చింతగా ఉండండి.

తూరుపు_గాలి
మా అమ్మను తీసుకెళ్లాను. ఆవిడకు అప్పటికి 66, ఈత రాదు. అక్కడ ఏం చేస్తారో మీకు ముందే తెలిస్తే సగం భయం పోతుంది.

పడవ ఆగాక సర్ఫ్‌బోర్డు లాంటి పెద్ద బోర్డు ఒకటి నీళ్లలోకి వదులుతారు. చుట్టూ పట్టుకోవడానికి పైపులు, అడుగున కిందికి కొట్టే బలమైన లైట్లు ఉంటాయి. మనం ఆ పైపు పట్టుకుని బోర్లా తేలుతూ ఉండటమే. కాళ్లు కిందికి వేలాడకుండా చీలమండల కింద పొడవాటి ఫోమ్ కర్ర పెడతారు. వెట్‌సూట్ (ఒంటికి అతుక్కుని ఉండే రబ్బరు సూట్) ఎలాగూ తేలుస్తుంది, కావాలంటే ఫ్లోటింగ్ వెస్ట్ కూడా ఇస్తారు. బోర్డును గైడ్ లాక్కెళ్తాడు. ఈదే పని లేదు.

లైట్లకు ప్లాంక్టన్ పోగవుతుంది, దాని కోసం మాంటాలు వస్తాయి. అడుగు నుంచి నోరు తెరుచుకుని పైకి వచ్చి, మన ముఖం ముందుకు రాగానే పొట్ట చూపిస్తూ వెనక్కి పల్టీ కొట్టి మళ్లీ కిందికి వెళ్తాయి. మళ్లీ వస్తాయి. మా అమ్మ ముఖానికీ దానికీ మధ్య జానెడు దూరం. తగల్లేదు. ఎక్కడ తిరగాలో దానికి తెలుసు.

కష్టం ఈత దగ్గర రాదు, గొట్టంలోంచి నోటితో ఊపిరి పీల్చడం దగ్గర వస్తుంది. మొదటిసారి చీకట్లోనే నేర్చుకోవాలంటే ఎవరికైనా కంగారే. మేము రెండు రోజుల ముందు కహలూ బీచ్ పార్క్‌లో పగటిపూట, నడుం లోతు నీళ్లలో అమ్మతో అరగంట సాధన చేయించాం. లైఫ్‌గార్డులు ఉండే చోటు. రెండో రోజు ఆవిడే "ఇంకాసేపు" అన్నారు.

ఓపిక_పట్టు
నా అభిప్రాయం వేరు. తీసుకెళ్లొద్దు. హవాయిలో నీళ్లలో ప్రాణాలు పోగొట్టుకునే సందర్శకుల్లో స్నార్కెల్ చేస్తూ పోయేవాళ్లే ఎక్కువ. వాళ్లలో పెద్ద వయసువాళ్లు చాలామంది. ఈత వచ్చినవాళ్లూ ఉన్నారు. "బోర్డు పట్టుకుంటే చాలు" అంటే వినడానికి బాగుంటుంది. పడవ నిచ్చెన నుంచి బోర్డు దాకా వెళ్లాలి, తిరిగి రావాలి, ఆ రోజు అల పెద్దగా ఉండొచ్చు. ఈత రాని మనిషి మాస్క్‌లోకి నీళ్లు వస్తే ఏం చేస్తారు? మా మావయ్య పట్టపగలు, ఒడ్డు పక్కనే, మాస్క్‌లోకి నీళ్లు వచ్చి బెదిరిపోయారు. ఇద్దరం పట్టుకుని లాక్కొచ్చాం. ఆ ముఖం నాకు ఇంకా గుర్తుంది.

తూరుపు_గాలి
@ఓపిక_పట్టు గారూ, మీరు చెప్పిన లెక్క నిజమే. అందుకే సాధన లేకుండా దింపొద్దు అన్నాను. పగలు నిలకడగా ఊపిరి తీసుకోలేకపోతే రాత్రి ప్లాన్ మానేయడమే. ఇంకో మాట, అత్తయ్యకు బీపీ గానీ గుండె సమస్య గానీ ఉంటే ముందు డాక్టర్‌ను అడగండి. ముఖం మొత్తం కప్పే మాస్క్ వద్దు, మామూలు మాస్కే వాడించండి. తేడా అనిపించిన క్షణంలో ఉమ్మేసి తల పైకెత్తేలా ఉండాలి.

కెరటం_77
బుక్ చేసేటప్పుడే "మా ఇంట్లో ఒకరికి ఈత రాదు" అని చెప్పండి. కొన్ని పడవలు ఒప్పుకోవు. ఒప్పుకునేవాళ్లు గైడ్‌ను ఆవిడ పక్కన ఉంచుతారు. నీళ్లలోకి దిగకుండా పడవలో కూర్చుని రావడానికి తక్కువ టికెట్ ఇచ్చేవాళ్లూ ఉన్నారు.

పగడాల_దిబ్బ
అత్తయ్య సంగతి తర్వాత. మీ ప్లాన్‌లో పెద్ద ఇబ్బంది ఉంది, అది మీవారి గురించి.

డైవ్ చేసి మరుసటి రోజే మౌనా కేయా ఎక్కకూడదు. నీళ్లకింద పీడనంలో ఊపిరి తీసుకున్నప్పుడు ఒంట్లోకి నైట్రోజన్ చేరుతుంది. పైకి వచ్చాక అది మెల్లగా బయటికి పోవాలి. అది పోకముందే గాలి పీడనం తక్కువగా ఉండే ఎత్తుకు వెళ్తే లోపల బుడగలు కడుతుంది. దాన్నే డీకంప్రెషన్ సిక్‌నెస్ అంటారు. కీళ్ల నొప్పితో మొదలై పక్షవాతం దాకా వెళ్లొచ్చు. మౌనా కేయా శిఖరం 4,207 మీటర్లు. సముద్రమట్టం నుంచి రెండు మూడు గంటల్లో కారులో అక్కడికి చేరిపోతారు. కోనాలో డైవ్ షాపుల వాళ్లు 24 గంటలు ఆగమనే చెప్తారు.

సాధారణంగా ఇక్కడ డైవర్లకు రెండు ట్యాంకుల ట్రిప్ ఉంటుంది. సూర్యాస్తమయం ముందు ఒక డైవ్, చీకటి పడ్డాక మాంటా డైవ్. పైకి వచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర అనుకోండి. గురువారం సాయంత్రం ఆరుకు మీరు శిఖరం మీద ఉంటే 24 గంటలు నిండలేదు.

రోజులు తారుమారు చేస్తే సరిపోతుందనుకోకండి. గురువారం రాత్రి డైవ్ చేసి శుక్రవారం పొద్దున్నే విమానం ఎక్కితే అది ఇంకా దారుణం.

రెక్కలగుర్రం
18 గంటలు చాలు కదా? నేను డైవ్ చేసిన మర్నాడే, దాదాపు 20 గంటలకు, పైకి వెళ్లి నక్షత్రాలు చూసి వచ్చాను. ఏమీ కాలేదు. మరీ భయపెడుతున్నారు.

పగడాల_దిబ్బ
@రెక్కలగుర్రం, ఆ 18 గంటలు ఎక్కడి లెక్కో చూడండి. ఒకటికి మించి డైవ్‌లు చేసినవాళ్లు విమానం ఎక్కే ముందు ఆగాల్సిన కనీస సమయం అది. ఒక్క డైవ్ అయితే 12. రెండూ విమానం లోపలి పీడనాన్ని దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. ఆ పీడనం ఎక్కువలో ఎక్కువ 8,000 అడుగుల ఎత్తుతో సమానం. మౌనా కేయా శిఖరం 13,800 అడుగులు. సందర్శకుల కేంద్రమే 9,200 అడుగుల దగ్గర ఉంది. విమానం లెక్కను కొండకు వాడకూడదు.

మీకు ఏమీ కాలేదు, సంతోషం. నాతో డైవ్ చేసే స్నేహితుడికి ఇంతకన్నా తక్కువ ఎత్తుకు వెళ్లినప్పుడే భుజం నొప్పి మొదలైంది. ప్రెషర్ చాంబర్‌లో గంటల తరబడి ఉంచారు. కోలుకున్నాడు కానీ ఆ రాత్రి అతని భార్యతో ఫోన్‌లో మాట్లాడింది నేనే. అందుకే నేను ఈ విషయంలో మెత్తగా మాట్లాడలేను.

రెక్కలగుర్రం
విమానానికీ కొండకూ తేడా ఉందన్న సంగతి నాకు తట్టలేదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. గవ్వ గారూ, నా మాట పట్టించుకోకండి.

సముద్రపు_గవ్వ
చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. ఇద్దరం నెల రోజులుగా ఈ ప్లాన్ చూస్తున్నాం, మా ఇద్దరికీ తట్టలేదు. ఆయన డైవింగ్ నేర్చుకుని ఐదేళ్లయింది. విమానం గురించి గుర్తుంది కానీ కొండ గురించి ఆలోచించలేదట. పగడాల_దిబ్బ గారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. మంగళవారం రాత్రికి మారిస్తే?

పగడాల_దిబ్బ
మంగళవారం బాగుంటుంది. గురువారం సాయంత్రానికి దాదాపు 45 గంటలు దొరుకుతాయి. ఇంకో లాభం ఉంది. మాంటాలు రాకపోతే చాలామంది ఆపరేటర్లు ఇంకోసారి ఉచితంగా తీసుకెళ్తారు. చివరి రోజుకు పెట్టుకుంటే ఆ అవకాశం వాడుకోలేరు. అయితే ఆ రెండోసారి బుధవారమైతే మీవారు స్నార్కెల్ మాత్రమే చేయాలి. స్నార్కెల్‌కు ఈ ఆగే నియమం లేదు, మీరు ముగ్గురూ ఎప్పుడైనా కొండ ఎక్కవచ్చు.

ఇంకొకటి: మీ బాబు వయసు పిల్లలను శిఖరం దాకా తీసుకెళ్లొద్దని అక్కడి సూచనల్లోనే ఉంది. కేంద్రం దగ్గర ఆగినా ఆకాశం అద్భుతంగా ఉంటుంది.

వేపచెట్టు
ఇంతమంది ఎలా చూడాలో చెప్తున్నారు. అసలు చూడటం సరైనదేనా అని ఎవరూ అడగలేదు. రాత్రి సముద్రంలో లైట్లు వేసి ఆహారాన్ని పోగుచేసి, ఆ జంతువులను రప్పించి, వాటి చుట్టూ వంద మంది చేరడం. నాకు ఇది మనసుకు ఎక్కడం లేదు.

అలల_సవ్వడి
తొమ్మిదేళ్లుగా కోనాలో ఉంటున్నాను. వేపచెట్టు గారి ప్రశ్న ఇక్కడివాళ్లు కూడా అడుగుతారు. కొంచెం వెనక నుంచి చెప్తాను.

ఇది టూర్ల కోసం ఎవరో కనిపెట్టింది కాదు. 1970లలో కెయావుహో తీరంలో రాళ్ల మీద ఒక పెద్ద హోటల్ కట్టారు. అతిథులకు రాత్రి అలలు కనబడాలని సముద్రం మీదికి లైట్లు వేశారు. లైట్లకు ప్లాంక్టన్, ప్లాంక్టన్‌కు మాంటాలు. డైవర్లు తర్వాత గమనించారు. 2000లో ఆ హోటల్ మూతపడి లైట్లు ఆరిపోతే అక్కడికి మాంటాలు రావడం దాదాపు ఆగింది. కొన్నేళ్లకు కొత్త యాజమాన్యం కింద తెరిచాక మళ్లీ వచ్చాయి. లైట్లు లేని రోజుల్లో అవి పస్తులుండలేదు, మేత ఉన్నచోటికి వెళ్లాయి. ఇక్కడ ఎవరూ వాటికి తిండి వేయరు. వెలుతురు చుట్టూ చేరేది సముద్రంలో ఉన్న ప్లాంక్టనే.

ఇప్పుడు ముఖ్యంగా రెండు చోట్లు. దక్షిణాన కెయావుహో దగ్గర మాంటా విలేజ్. ఉత్తరాన విమానాశ్రయం వైపు మకాకో బేలో గార్డెన్ ఈల్ కోవ్, దాన్నే మాంటా హెవెన్ అని కూడా అంటారు. ఇసుకలోంచి గడ్డిపోచల్లా తలలు పైకి పెట్టి నిలబడే ఈల్స్ (పాముల్లాంటి చేపలు) అక్కడ ఉన్నాయి. పగటి డైవ్‌లో చూడవచ్చు. కొహాలా తీరంలో మూడో చోటు కూడా ఉంది, జనం తక్కువ.

ఇక జనం మాట. అక్కడ మాత్రం వేపచెట్టు గారితో ఏకీభవిస్తాను. రద్దీ రాత్రి పడవల వెనక పడవలు, నీళ్లలో ఎటు చూసినా కాళ్లు. మాంటాలు వెనక్కి ఈదలేవు. ఊపిరి ఆడాలంటే ముందుకు కదులుతూనే ఉండాలి. అలాంటి జంతువు దారిలో తాళ్లు, ప్రొపెల్లర్లు ఎక్కువైతే ఏమవుతుంది? రెక్కల మీద తెగిన గుర్తులు, నోటి పక్కన గాలం దారాలు చూశాను. చూసినప్పుడల్లా బాధేస్తుంది.

వాటిని చంపడం, పట్టడం నేరమని 2009లో హవాయి చట్టం చేసింది. మంచిదే. జనాన్ని అదుపు చేయడం ఇంకా సరిగా జరగలేదు.

వేపచెట్టు
హోటల్ సంగతి తెలియదు. చెప్పినందుకు థ్యాంక్స్. కానీ "రద్దీ ఎక్కువే" అని మీరే అంటున్నారు. అయితే వెళ్లకపోవడమే మేలు కదా?

అలల_సవ్వడి
అందరూ వెళ్లకపోతే మేలు జరుగుతుందని నేను అనుకోను. చైనా సంప్రదాయ వైద్యం కోసం వీటి మొప్పల్లోని పలకలకు గిరాకీ ఉంది. దానికోసం చాలా సముద్రాల్లో వీటిని వేటాడారు. ఆడ మాంటా ఏడాదికి పైగా మోసి ఒక్క పిల్లను కంటుంది. తర్వాత రెండు మూడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, మళ్లీ కనదు. అలాంటి జాతిని వేటాడితే తిరిగి పుంజుకోవడం చాలా కష్టం. కోనాలో బతికున్న మాంటా మీద ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. వాటికి హాని జరిగితే ముందు లేచి మాట్లాడేది ఆ పడవల వాళ్లే. 2009 చట్టం కోసం గట్టిగా అడిగినవాళ్లలో వాళ్లూ ఉన్నారు.

వెళ్లండి. కానీ చిన్న గ్రూపుతో వెళ్లేవాళ్లను, నీళ్లలోకి దిగే ముందు నియమాలు పూర్తిగా చెప్పేవాళ్లను ఎంచుకోండి. "ముట్టుకుంటే ఏం చేస్తారు?" అని అడగండి. "పడవ ఎక్కించేస్తాం" అంటే అది మంచి పడవ.

వేపచెట్టు
ఈ జవాబు గురించి ఆలోచిస్తాను. పూర్తిగా ఒప్పుకున్నట్టు కాదు.

చిన్నచేప
ముట్టుకుంటే ఏమవుతుంది? అది మన మీద నుంచే వెళ్తుంటే చెయ్యి దానంతటదే చాపాలనిపిస్తుందేమో.

కెరటం_77
ఒంటి మీద జిగట పొర ఉంటుంది, వాటిని ఇన్‌ఫెక్షన్ల నుంచి కాపాడేది అదే. మన చెయ్యి రాస్తే అది పోతుంది. రెండు చేతులూ పైపు మీదే ఉంచండి. అది వచ్చి తగిలితే తగలనివ్వండి, మీరు కదలకండి.

పగడాల_దిబ్బ
డైవర్లకు కూడా ఇదే. పది పన్నెండు మీటర్ల లోతున లైట్ల చుట్టూ గుండ్రంగా కూర్చుంటాం. స్నార్కెల్ వాళ్ల లైట్లు కిందికి, మా టార్చిలు పైకి. పైభాగం వాళ్లది, అడుగు మాది, మధ్యనున్న నీళ్లన్నీ మాంటాలవి. ఆ మధ్యలోకి ఎవరూ వెళ్లకూడదు. స్నార్కెల్ వాళ్లు కిందికి మునిగితే వాటి దారికి అడ్డం, డైవర్ తేలిపోయినా అంతే. అందుకే అడుగున నిలకడగా కూర్చోవడానికి మామూలు కన్నా కొంచెం ఎక్కువ బరువు కట్టుకోమంటారు. మీవారికి చెప్పండి, రాయి పట్టుకునే ముందు టార్చి వేసి చూడాలి. పొడవాటి ముళ్ల సముద్రపు అర్చిన్లు ఉంటాయి. మోరే ఈల్స్ మన వెలుతురులోనే వేట సాగిస్తాయి.

చిన్నచేప
డైవ్ బాగుంటుందా, స్నార్కెల్ బాగుంటుందా?

పగడాల_దిబ్బ
డైవ్‌లో మొత్తం దృశ్యం కనిపిస్తుంది. తల మీద నుంచి నాలుగైదు ఒకదాని వెనక ఒకటి వెళ్తుంటే ఊపిరి మర్చిపోతాం, స్కూబాలో అది మర్చిపోకూడదు. నాకు అదే ఇష్టం.

తూరుపు_గాలి
నేను రెండూ చేశాను. నా ఓటు స్నార్కెల్‌కే. తెరిచిన నోట్లోంచి లోపలి మొప్పల వరసలు కనిపిస్తాయి. ఆ దగ్గరతనం కింద కూర్చుంటే రాదు.

మజ్జిగ_పులుసు
ఎవరూ చెప్పని విషయం: వాంతులు. లంగరు వేసిన పడవ ఊగుతుంది, నీళ్లలో తేలుతున్నప్పుడూ ఊగుతుంటాం, చుట్టూ చీకటి కాబట్టి కళ్లకు ఆసరా ఉండదు. మా గ్రూపులో పన్నెండు మందిలో నలుగురు పది నిమిషాలకే వెనక్కి వెళ్లిపోయారు. సముద్రం పడనివాళ్లు మాత్ర ముందే వేసుకోవాలి, పడవ ఎక్కాక వేసుకుంటే పని చేయదు. పిల్లలకు ఎంత మోతాదో డాక్టర్‌ను అడగండి. కెయావుహో నుంచి బయల్దేరే పడవ అయితే మాంటా విలేజ్‌కు కొద్ది నిమిషాలే. హోనోకోహావు హార్బర్ నుంచి అక్కడికే వెళ్లాలంటే చాలాసేపు పడుతుంది.

చలి కూడా చెప్పాలి. హవాయి కదా అనుకుంటాం. కదలకుండా ముప్పావు గంట నీళ్లలో ఉంటే వెట్‌సూట్‌లో కూడా వణుకు వస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు వేసుకోవడానికి పొడి స్వెటర్ ఒకటి పట్టుకెళ్లండి.

రెక్కలగుర్రం
పున్నమి రాత్రి మాంటాలు రావని ఒక డ్రైవర్ చెప్పాడు. నిజమేనా?

అలల_సవ్వడి
నిండు చంద్రుడి రోజు తక్కువ వచ్చిన రాత్రులు చూశాను, పదకొండు వచ్చిన రాత్రీ చూశాను. అమావాస్యకు ఒక్కటీ రాని రోజు కూడా ఉంది. తిథి చూసి బుక్ చేయకండి, అల చూసి బుక్ చేయండి.

నీటిబొమ్మ
ఫొటోల సంగతి. ఫ్లాష్ వేయకండి. నీళ్ల నిండా ప్లాంక్టన్ ఉంటుంది కాబట్టి ఫ్లాష్ వెలుగు వాటి మీద పడి ఫొటో అంతా మంచు కురిసినట్టు వస్తుంది. బోర్డు లైట్ల వెలుతురే చాలు, వీడియో తీయండి. సెల్ఫీ కర్ర చాపొద్దు, అది నేరుగా మాంటా నోటి దారిలోకి వెళ్తుంది. ఒక్క ఫొటో తీయగలిగితే పొట్టది తీయండి. ఆ మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు, మన వేలిముద్రల్లాగే. మాంటా పసిఫిక్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు వాటిని బట్టే కోనా తీరంలో 300కు పైగా మాంటాలను గుర్తించి పేర్లు పెట్టారు. లెఫ్టీ అనే ఆడ మాంటాను 1979లోనే గుర్తించారు. తల ముందు మేతను నోట్లోకి నెట్టే రెండు చుట్టల్లాంటి రెక్కలుంటాయి కదా, దానికి ఎడమది విప్పుకోదు.

ఓపిక_పట్టు
మూడుసార్లు డబ్బు కట్టాను, మనిషికి 100 డాలర్ల పైమాటే. మొదటిసారి అల వల్ల రద్దు చేసి డబ్బు తిరిగి ఇచ్చారు. రెండోసారి ముప్పావు గంట నల్లటి నీళ్లు చూసి వచ్చాం. మూడోసారి ఒక్కటి వచ్చింది. ఆ ఒక్కటే ఇరవై నిమిషాలు మా కిందే పల్టీలు కొట్టింది. పైన నేను వద్దన్నాను కదా, అది ఈత రానివాళ్ల గురించి. మిగతావాళ్లు ఒకసారి కనబడకపోయినా వదలకండి.

సముద్రపు_గవ్వ
వెళ్లొచ్చాం. మీ అందరికీ చెప్పకుండా ఉండలేను.

ఆదివారం, సోమవారం కహలూలో సాధన చేశాం. మొదటి రోజు అత్తయ్య గొట్టంలోకి నీళ్లు వెళ్లి రెండుసార్లు లేచి నిలబడ్డారు. ఓపిక_పట్టు గారి మాటలు గుర్తొచ్చి "వద్దులెండి అత్తయ్యా" అన్నాను. "రేపు కూడా రాకపోతే నేనే మానేస్తా, ఇవాళ నువ్వు తొందరపడకు" అన్నారు. సోమవారం పావుగంట తల ఎత్తలేదు. బీపీ సంగతి బయల్దేరే ముందే డాక్టర్‌ను అడిగాం, మందులు మానకుండా వేసుకుంటే సరే అన్నారు.

పడవ ఎనిమిది మందిది. ముట్టుకుంటే ఏం చేస్తారని అడిగాను, "టూర్ అక్కడితో ఆపేస్తాం" అన్నారు. వెంటనే బుక్ చేశాను. మావారు కూడా డైవ్ మానేసి మాతోనే స్నార్కెల్ చేస్తానన్నారు. అమ్మ పక్కన తనే ఉండాలట.

బోర్డు పట్టుకున్నాక మొదటి ఇరవై నిమిషాలు ఏమీ లేదు. లైట్ల కింద ప్లాంక్టన్ దుమ్ములా సుడులు తిరుగుతోంది, చిన్న చేపలు తింటున్నాయి. బాబు నా చెయ్యి గిల్లుతున్నాడు. అప్పుడు కింద చీకట్లో ఏదో తెల్లగా మెదిలింది. ముందు నోరు కనిపించింది. తెరిచిన నోరు, అంత వెడల్పు ఉంటుందని ఏ వీడియోలోనూ తెలియలేదు నాకు. నేరుగా అత్తయ్య వైపు వచ్చి, ఆవిడ ముందే వెనక్కి తిరిగింది. నేను బెదిరి కాళ్లు ఆడించాను, గైడ్ మెల్లగా ఆపాడు. బాబు గొట్టంలోనే కేక పెట్టాడు. ఆవిడ మాత్రం వేలు కూడా కదపలేదు. అది తొమ్మిదిసార్లు ఆవిడ ముందే పల్టీ కొట్టింది, బాబు లెక్కపెట్టాడు. మొత్తం మూడు వచ్చాయి.

పడవ ఎక్కాక ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఒళ్లు బాగాలేదేమోనని కంగారుపడ్డాను. స్వెటర్ కప్పి అడిగితే "బాగానే ఉన్నానమ్మా, దాని కన్ను నన్ను చూసింది" అన్నారు. అంతే అన్నారు.

గురువారం నేనూ బాబూ అత్తయ్యా సందర్శకుల కేంద్రం దగ్గరే ఆగిపోయాం, మావారు పైకి వెళ్లొచ్చారు.

తూరుపు_గాలి
చదువుతుంటే కళ్లు తడిశాయి. మా అమ్మకు చదివి వినిపించాను.

ఓపిక_పట్టు
రెండు రోజులు సాధన చేయించి, డాక్టర్‌ను అడిగి, కొడుకు పక్కన ఉండి దింపారు. ఇలా అయితే నేనూ వద్దనను. అత్తయ్య గారికి నా నమస్కారాలు చెప్పండి.

కొత్తగా_చేరాను
డిసెంబర్ చివర వెళ్తున్నాం. అప్పుడు కూడా ఉంటాయా?

అలల_సవ్వడి
మాంటాలు ఏడాదంతా ఇక్కడే ఉంటాయి. చలికాలంలో పెద్ద అలల వల్ల రద్దయ్యే రాత్రులు ఎక్కువ, సెలవుల రద్దీ కూడా ఉంటుంది. ట్రిప్ మొదటి రోజుల్లోనే పెట్టుకోండి.

నీటిబొమ్మ
గవ్వ గారూ, పొట్ట ఫొటో దొరికిందా?

సముద్రపు_గవ్వ
మావారి వీడియోలోంచి ఒక ఫ్రేమ్ తీశాం. మొప్పల చీలికల మధ్య మూడు నల్ల మచ్చలు, కింద కుడివైపు విరిగిన గాజుముక్కలా ఒక గుర్తు. ఫౌండేషన్‌కు పంపాం. బాబు పొద్దున లేవగానే మెయిల్ చూడమంటున్నాడు.

నీటిబొమ్మ
తోక మొదట్లో రెండు వేళ్లలాంటివి వేలాడుతున్నాయా? ఉంటే మగది.

సముద్రపు_గవ్వ
ఇప్పుడే మళ్లీ చూశాను. లేవు. ఆడదే.

నీటిబొమ్మ
కేటలాగ్‌లో లేని కొత్తదైతే, మొదట ఫొటో తీసినవాళ్లకే పేరు పెట్టే అవకాశం ఇస్తారట. జవాబు రాగానే ఇక్కడ పెట్టండి.

సముద్రపు_గవ్వ
అత్తయ్యకు చెప్పాను. పేరు అనుకున్నారట, ఏమిటో మాకు మాత్రం చెప్పడం లేదు.